కొత్త ఇంట్లో ఏసీలు మొదటిసారి ఆన్ చేసే రోజు: ముహూర్తం కోసం తొందరపడొద్దమ్మా

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తిరుచానూరు రోడ్డులో కొత్త ఇల్లు. మూడు స్ప్లిట్ ఏసీలు, అందులో కింది గదిలోది హాట్ అండ్ కోల్డ్. డిసెంబరులో అమ్మాయి పురిటికి వస్తుంది, బిడ్డతో ఆ గదిలోనే ఉంటుంది. శుక్రవారం తెల్లవారుజామున గృహప్రవేశం. ఏసీలు బిగించేవాళ్లు గురువారం సాయంత్రం వస్తామన్నారు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మేం ఏం చూసుకోవాలి, ప్రమాదం ఏమన్నా ఉంటుందా అని అడిగారు.

తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపు ఇరవై ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ముందుగా చెప్పాల్సింది ఒకటే. గురువారం సాయంత్రం వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. గృహప్రవేశం అయ్యాక, బంధువులు వెళ్లాక, నిదానంగా ఒక పగలంతా పెట్టుకోమనండి. ఏసీ లేకపోయినా గృహప్రవేశం జరుగుతుంది. పాలు పొంగించే పొయ్యికీ ఏసీకీ సంబంధం లేదు.

ఎందుకంటే, పద్ధతిగా చేస్తే ఒక్కో ఏసీకి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఇద్దరు కుర్రాళ్లు ఒక్క సాయంత్రంలో మూడు ఏసీలు బిగించి చల్లగాలి చూపించి వెళ్లారంటే ఏదో ఒకటి వదిలేశారనే అర్థం. వదిలేసేవి ఎప్పుడూ ఆ మూడే: ఎర్త్ చూడటం, నైట్రోజన్‌తో పైపు పరీక్షించడం, వాక్యూమ్ పెట్టడం. ఈ మూడూ చేయకపోయినా ఏసీ చల్లగానే వస్తుంది. అందుకే ఇంటివాళ్లకు తెలియదు.

ముందు ఎర్త్ సంగతి చెబుతాను.

కొన్నేళ్ల కిందట చిత్తూరులో ఒక కొత్త ఇంటికి పిలిచారు. నెల కిందట వేరేవాళ్లు బిగించిన ఏసీ. కంప్లయింట్ చల్లదనం తక్కువ అని. మేడమీదికి వెళ్లేసరికి ఆ ఇంటి కోడలు తడి చీర పిండి ఔట్‌డోర్ యూనిట్ ఇనప స్టాండు మీద ఆరేయబోతోంది. నాకెందుకో అనుమానం వచ్చి, ఆగమ్మా అని కేకేసి టెస్టర్ పెట్టాను. లైటు వెలిగింది. లోపల ఫ్యాను మోటారు వైరు రేకు అంచుకు ఒరుసుకొని పైతోలు ఊడిపోయి ఉంది. సరే, అది ఎక్కడైనా జరగొచ్చు. మరి ఎర్త్ ఉంటే అప్పుడే ట్రిప్ కావాలి కదా అని మీటరు బోర్డు విప్పాను. ఇల్లంతా తిరిగొచ్చిన పచ్చ వైరు అక్కడ చుట్ట చుట్టి, కొసకు నల్ల టేపు చుట్టి ఉంది. ఎర్త్ గుంట ఇంకా తవ్వలేదు. తవ్వాక కలుపుదామని అనుకున్నారు, ఇంటి పనుల్లో మర్చిపోయారు. ప్రతి సాకెట్లోనూ మూడో రంధ్రం ఉంది, ప్రతి రంధ్రం వెనకా పచ్చ వైరు ఉంది, దాని వెనక ఏమీ లేదు. ఆ తడి చీర ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది.

అందుకని ఏసీవాళ్లు రాకముందే మీ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఏసీ పాయింటు దగ్గర మీ ఎదురుగా మీటరు పెట్టి మూడు రీడింగులు చూపించమనండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 220 నుంచి 240 వోల్టులు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. అయితే డిజిటల్ మీటరును ఒక్కదాన్నే నమ్మొద్దు. గాల్లో వేలాడే వైరుకు కూడా అది ఒక్కోసారి ఏదో అంకె చూపిస్తుంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడమనండి. ఎర్త్ గట్టిగా ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకో మనిషిలోకో కారితే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉంటే బల్బు పెట్టగానే టప్‌మని పడిపోతుంది. అలా పడిపోతే సంతోషించండి, రెండూ పనిచేస్తున్నాయని దానర్థం. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, మీరు చేయొద్దు.

ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లది. ఎంసీబీ (లోడు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. మనిషి ఒంట్లోంచి ప్రాణం తీసేంత కరెంటు పోయినా ఎంసీబీకి అది లెక్కలోకి రాదు.

కొందరు ఎర్త్ లేదని సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న ముక్క వైరు కలిపేస్తారు. బల్బు వెలుగుతుంది, మీటరూ బాగానే చూపిస్తుంది. ఎప్పుడో న్యూట్రల్ తెగిన రోజు ఏసీ రేకంతా 230 వోల్టులు వచ్చేస్తుంది. అందుకే సాకెట్ విప్పి చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

మన కొండ కింద నేల రాతి నేల, మొరం. ఎండాకాలంలో ఎర్త్ గుంట బిగుసుకుపోతుంది, కరెంటును నేల తీసుకోదు. గుంట ఎక్కడుందో తెలుసుకోండి, దాని మీద టైల్సు వేసి మూసేయనివ్వకండి. మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండు బిందెలు నీళ్లు పోయండి.

ఇంకా ఇంటి పనికి తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీదే ఉన్నారా? స్తంభం నుంచి సన్నటి వైరు లాగి, కట్టెకు కట్టి తెచ్చి ఉంటారు. దాని మీద ఏసీ ఆన్ చేయొద్దు. కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ వాళ్లు అసలు మీటరు పెట్టాక, మూడు ఏసీలు, గీజరు, మోటారు అన్నీ లెక్కేసి లోడు రాయించాకే చేయండి. త్రీఫేజు అయితే మూడు ఏసీలనూ మూడు ఫేజులకు పంచాలి. మెయిన్ దగ్గర న్యూట్రల్ స్క్రూ ఎంత గట్టిగా ఉందో ప్రత్యేకంగా చూపించుకోండి. త్రీఫేజు ఇంట్లో న్యూట్రల్ వదులైతే ఒక గదికి 150 వోల్టులు, ఇంకో గదికి 350 వోల్టులు పోతాయి. ఎక్కువ వోల్టేజీ పోయిన గదిలో ఏసీ బోర్డులు ఒక్క క్షణంలో కాలిపోవచ్చు.

వైరు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఒకటిన్నర టన్నుకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దూరం ఎక్కువైతే 4, ఒక్కో ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను, దానికో ఎంసీబీ. గీజరు లైన్లోంచి ఏసీకి తీసుకోవద్దు. కింది గదిలో ఇది మరీ చూడండి, చలికాలం పొద్దున్నే హీటింగూ గీజరూ ఒకేసారి నడుస్తాయి. ఏసీ అరగంట నడిచాక ప్లగ్‌టాప్ ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే లోపల స్క్రూ వదులుగా ఉంది. వెంటనే ఆపించండి.

ఇక గ్యాసు సంగతి. ఔట్‌డోర్ మీద స్టిక్కరు చదవండి. మీది కొత్తది కాబట్టి బహుశా ఆర్32 అనే గ్యాసు అయి ఉంటుంది, పక్కనే మంట బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసి చాలామంది హడలిపోతారు. కాస్త లెక్క చెబుతాను, వినండి. ఒకటిన్నర టన్ను ఏసీలో గ్యాసు కిలోకు అటూ ఇటూ ఉంటుంది. పదికి పన్నెండు గదిలో ఆ గ్యాసంతా ఒకేసారి లీకై గాలిలో కలిసిపోయినా నూటికి ఒకటిన్నర పాళ్లు దాటదు. అది అంటుకోవాలంటే నూటికి 14 పాళ్లు కావాలి. కాబట్టి గదంతా భగ్గుమంటుందన్న భయం వద్దు. కానీ ఆ గ్యాసు గాలికంటే బరువు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. లీకయ్యే చోటు దగ్గర చిక్కగా ఉంటుంది. అక్కడ దీపమో, వెల్డింగు మంటో ఉంటే ప్రమాదం. అదీగాక, మంట తగిలిన ఆ గ్యాసులోంచి పుట్టే పొగ ఊపిరితిత్తులను కాల్చేసేంత ఘాటు. అందుకే గ్యాసు వదిలే సమయానికి గదిలో అగరుబత్తి, కర్పూరం, సాంబ్రాణి ఏవీ ఉండకూడదు, కిటికీలన్నీ తీసి ఉంచాలి. గృహప్రవేశం రోజు వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి ఇదీ కారణమే. ఒక గదిలో హోమం, పక్కగదిలో గ్యాసు వాల్వు విప్పుతూ కుర్రాడు. అలా జరగకూడదు. ఒకవేళ స్టిక్కరు మీద ఆర్290 అని ఉంటే అది ప్రొపేను, మన వంట గ్యాసు జాతి. అది అంటుకోవడానికి నూటికి రెండు పాళ్లు చాలు. ఆ పని నేర్చినవాళ్లే దాన్ని ముట్టాలి.

పైపులు కలిపాక, గ్యాసు వదలకముందు నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ పూసి బుడగలు చూడాలి. నైట్రోజనే, ఆక్సిజన్ కాదు. వెల్డింగు కిట్టులో ఆక్సిజన్ సిలిండరు చేతికి అందుబాటులో ఉంటుంది, ప్రెషర్ ఇదీ ఇస్తుంది కదా అని ఎక్కించేవాళ్లు ఉన్నారు. కంప్రెసర్లో నూనె ఉంటుంది. ప్రెషర్‌తో ఆక్సిజన్ నూనెకు తగిలితే బాంబు లెక్క. వెల్డింగు ఆక్సిజన్ సిలిండరు నల్లగా ఉంటుంది. నైట్రోజన్‌ది బూడిద రంగు, మెడ దగ్గర నలుపు. రంగు చూసి ఊరుకోకుండా దాని మీద పేరు కూడా చదవండి. ఏ గ్యాసు ఎక్కిస్తున్నావు బాబూ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే పనివాడు జాగ్రత్తపడతాడు.

తర్వాత వాక్యూమ్. పైపుల్లో ఉన్న గాలి, తేమ మొత్తం పంపుతో లాగేయాలి. కొందరు పంపు తీసుకురారు. ఔట్‌డోర్ వాల్వు కాస్త తిప్పి, అందులోని గ్యాసుతోనే గాలిని బయటికి ఊదేస్తారు. ఆ గ్యాసు అంటుకునేది కాబట్టి ఆర్32కు ఆ పద్ధతి పూర్తిగా తప్పు. గాలి కూడా పూర్తిగా పోదు. మిగిలిన గాలి ప్రెషర్ పెంచుతుంది, తేమ నూనెతో కలిసి యాసిడ్ అయి కంప్రెసర్‌ను తినేస్తుంది. పంపు కనీసం ఇరవై, ముప్పై నిమిషాలు నడవాలి. వాక్యూమ్ కొలిచే మైక్రాన్ మీటరు ఉంటే అంకె 500 కిందికి రావాలి. ఆ తర్వాత అసలు పరీక్ష. పంపు ఆపి, వాల్వు మూసి, పది పదిహేను నిమిషాలు మీటరు ముందు కూర్చోవాలి. అంకె కాస్త పైకి వచ్చి ఒకచోట నిలబడితే తేమ మిగిలి ఉంది, ఇంకాసేపు పంపు నడపాలి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే ఎక్కడో లీకుంది. నేను ఈ పదిహేను నిమిషాలూ ఫోన్ కూడా ఎత్తను. ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని చూపిస్తాను. మీరూ కుర్చీ వేసుకొని కూర్చోండమ్మా.

వాల్వులు విప్పేటప్పుడు ఎవరూ ఔట్‌డోర్ దగ్గర వంగి చూడకండి, పిల్లల్ని అసలు రానివ్వకండి. ఆర్32 ద్రవం మైనస్ 52 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చర్మం మీద పడితే కాలిన బొబ్బలాంటిదే లేస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో నా రెండు వేళ్ల మీద పాత ఏసీల గ్యాసు ఆర్22 పడింది. ఆ కొసల్లో ఇప్పటికీ స్పర్శ సరిగ్గా లేదు. ఆర్32 ప్రెషర్ దానికి ఒకటిన్నర రెట్లకు పైనే. పాత ఆర్22 గేజీలు (ప్రెషర్ కొలిచే మీటర్లు), పైపులు దీనికి వాడనివ్వొద్దు. పనివాళ్లకు గ్లవ్స్, కళ్లద్దాలు ఉన్నాయో లేదో చూడండి. మీ ఇంట్లో పనిచేసేటప్పుడు వాళ్లు దెబ్బతిన్నా మనకే కదా బాధ.

అదే మాట మీద ఇంకొకటి. మేడమీదికి పది అడుగుల రాగిపైపు నిలువుగా ఎత్తేటప్పుడు బాల్కనీ ముందు కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. తిరుపతిలో కొర్లగుంటలాంటి ఇరుకు సందుల్లో చెయ్యి చాపితే అందేంత దగ్గరగా తీగలు పోతుంటాయి. మీ వీధిలోనూ అలా ఉంటే పైపును చుట్టలాగే ఉంచి మెట్ల మీదుగా తీసుకెళ్లమనండి. తీగలు మరీ దగ్గరుంటే 1912కు ఫోన్ చేసి లైను ఆపించుకొని పని చేయించండి. సజ్జ మీద నిలబడే కుర్రాడికి నడుముకు బెల్టు, తాడు ఉండాలి. స్టాండు బోల్టులు గట్టి గోడలోకి దిగాలి. నవంబరులో మనకొచ్చే తుఫాను గాలులకు ముప్పై నలభై కిలోల యూనిట్ ఊగకూడదు.

ఇప్పుడు మీ హాట్ అండ్ కోల్డ్ దగ్గరికి వస్తాను. దీన్నే చాలామంది సరిగ్గా పరీక్షించరు.

కూలింగులో నడిచేటప్పుడు లావు పైపులో ప్రెషర్ తక్కువ, చల్లగా ఉంటుంది. హీటింగుకు మార్చగానే లోపల వాల్వు తిరిగి గ్యాసు దారి తలకిందులవుతుంది. అదే లావు పైపులోకి కంప్రెసర్ నుంచి వేడి గ్యాసు నేరుగా పోతుంది, ప్రెషర్ రెండు మూడు రెట్లవుతుంది. కూలింగులో కారని జాయింటు హీటింగులో కారొచ్చు, అదీ మీ అమ్మాయి పడుకునే గదిలో గోడవైపున్న జాయింటు. మనకు ఎండలు ఎక్కువ కాబట్టి కూలింగు ఒకటే చూపించి, హీటింగు చలికాలంలో చూసుకోండి అని వెళ్లిపోతారు. ఒప్పుకోకండి. హీటింగు కనీసం ఇరవై నిమిషాలు నడిపించి, లోపలి జాయింట్లకు మళ్లీ సబ్బు నురగ పెట్టించండి. బయట మరీ ఎండగా ఉంటే హీటింగు పెట్టగానే మెషిన్ దానంతట అదే ఆగిపోవచ్చు. కాబట్టి మర్నాడు పొద్దున్నే ఏడింటికి ఆ పరీక్ష పెట్టుకోండి. తక్కువ ప్రెషర్ గేజీ తగిలించి ఉండగా హీటింగు ఆన్ చేయకూడదు. ముల్లు చివరిదాకా కొట్టుకొని గేజీ పాడైపోవచ్చు. తెలిసిన మెకానిక్ ముందే తీసేస్తాడు.

హీటింగు మొదటిసారి పెట్టినప్పుడు మీరు చూసి కంగారు పడే సంగతులు రెండు మూడున్నాయి. ఆన్ చేశాక నాలుగైదు నిమిషాలు గాలి రాదు. కాయిల్ వేడెక్కేదాకా అది ఆగుతుంది. మొదట కాస్త దుమ్ము కాలిన వాసన, నూనె వాసన వస్తుంది, కిటికీలు తీసి పెడితే అరగంటలో పోతుంది. ప్లాస్టిక్ కరుగుతున్న వాసన, చేపల వాసనలాంటిది వస్తే అది వేరు, అది వైరు కాలే వాసన. మెయిన్ ఆపేయండి. ఇంకోటి, హీటింగులో నీళ్లు లోపలి యూనిట్ నుంచి కాకుండా బయటి యూనిట్ కింద నుంచి కారతాయి. దానికీ డ్రెయిన్ పైపు పెట్టించండి. లేకపోతే ఆ నీళ్లు కింద స్విచ్చుబోర్డు మీదో, పక్కింటివాళ్ల గోడ మీదో పడతాయి.

కుంపటి మాట మీరు అడగలేదు, నేనే ఎత్తుతున్నాను. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం మనవైపు పాత అలవాటు. తలారబెట్టడానికి సాంబ్రాణి పొగ సరేసరి. పాత ఇళ్లలో పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. మీ కొత్త ఇంట్లో ఏసీ కోసం తలుపు కింద రబ్బరు పట్టీలు, యూపీవీసీ కిటికీలు వేయించి ఉంటారు. ఆ గదిలో కుంపటి పెట్టి తలుపు వేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తల బరువెక్కి నిద్ర వస్తున్నట్టుంటుంది, తల్లీబిడ్డా లేవరు. ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది గాని బయటి గాలి తేదు, అది ఆన్‌లో ఉన్నా ఏం లాభం లేదు. మీ అత్తగారో, అమ్మగారో పట్టుబడితే, గదిని ఏసీ వెచ్చగా ఉంచుతుందమ్మా, నిప్పు మాత్రం వద్దు అని బతిమాలి చెప్పండి. ఈ ఒక్క మాట నా కోసం వినండి. బాత్‌రూమ్ లోపల గ్యాసు గీజరు బిగించి ఉంటే దానికీ ఇదే ప్రమాదం, దాన్ని బయటికి మార్పించండి. గది ఎంత వెచ్చగా ఉంచాలో పిల్లల డాక్టరును అడిగి పెట్టుకోండి. గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా రెక్కలు పైకి తిప్పండి.

కొత్త ఇంటి దుమ్ము గురించి ఒక మాట. గ్రానైటు కోత, పుట్టీ గీకుడు, తలుపుల పాలిష్ అన్నీ అయిపోయేదాకా ఏసీ ఆన్ చేయొద్దు. పుట్టీ దుమ్ము కాయిల్లోకి పోతే సిమెంటులా పట్టేస్తుంది. పాలిష్ థిన్నరు ఆవిరి మూసిన గదిలో ఉంటే స్విచ్చు నిప్పురవ్వ చాలు. వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు తలుపులు బార్లా తీసి ఉంచండి.

ఔట్‌డోర్ యూనిట్‌ను ఆటోలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే ఆన్ చేయాలి, కంప్రెసర్ నూనె కిందికి దిగాలి. ఆన్ చేశాక 24లో ఉంచండి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆ అంకె మీదే మొదలయ్యేలా వస్తున్నాయి. 16కు దించి పరీక్షించాల్సిన పని లేదు. పదిహేను నిమిషాల తర్వాత ఏసీలోకి పోయే గాలికీ బయటికొచ్చే గాలికీ పది డిగ్రీలకు పైగా తేడా ఉంటే బాగున్నట్టే. గ్యాసు తక్కువుంది, కాస్త కొడతాం అంటే కొత్త ఏసీలో ఎందుకు తక్కువైంది, లీకు ఎక్కడ అని అడగండి.

ఎంసీబీ పడిపోతే మళ్లీ మళ్లీ ఎత్తకండి. అది ఏదో చెబుతోంది. కరెంటు ఆపిన వెంటనే ఔట్‌డోర్ మూత విప్పనివ్వొద్దు. ఇన్వర్టర్ బోర్డు మీది కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిల్వ ఉంటుంది, పది నిమిషాలు ఆగాలి. వర్షాకాలం ముందు ఆ మూత తీయించి లోపల బల్లులు చేరాయేమో చూపించుకోండి. మనవైపు బోర్డులు కాలిపోవడానికి బల్లి ఒక పెద్ద కారణం. వైరు దూరే రంధ్రాన్ని పుట్టీతో మూయించండి.

అమ్మాయి రావడానికి కనీసం రెండు వారాల ముందే పని పూర్తి చేయించి, ఒక రాత్రంతా ఆ కింది గది ఏసీని హీటింగులో నడపండి. ఆ రాత్రి మీరు అక్కడే పడుకోండి. పొద్దున్నే ప్లగ్‌టాప్, డ్రెయిన్, ఔట్‌డోర్ కింద తడి చూసి ఇక్కడ రాయండి. ఔట్‌డోర్ స్టిక్కరు ఫోటో, వాక్యూమ్ మీటరు ఫోటో కూడా పెడితే చూసి చెబుతాను.